రాళ్లకు బదిలీ ఉత్తర్వులు

గ్రీసులో రెండో పెద్ద నగరం థెస్సలోనికి. అక్కడ వెనిజెలోస్ అనే మెట్రో స్టేషన్‌లోకి మెట్లు దిగితే రైలుకంటే ముందు ఒక వీధి ఎదురవుతుంది. రోమన్ల నాటి ప్రధాన వీధి అది. 6వ శతాబ్దంలో దానికి పాలరాతి పలకలు పరిచారు. రెండు పక్కలా దుకాణాల గోడలు, ఒకచోట అడ్డంగా వచ్చి కలిసే మరో వీధి. సరిగ్గా దాని నెత్తిమీద ఇప్పటి ఎగ్నాషియా వీధిలో బస్సులు పోతుంటాయి.

ముచ్చటపడి చూస్తూ, ఈ వీధిని ముక్కలుగా ఊడదీసి, తీసుకుపోయి, మళ్లీ తెచ్చి పేర్చారని చెప్పాను. పక్కనున్న మా బావమరిది, "రాళ్లు అవే, చోటూ అదే. ఇంకా మీకేం బాధ బావగారూ?" అన్నాడు. ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

అతనికి తెలియని కథ కొంత ఉంది. ఆ ఊరికి మెట్రో కోరిక పాతది. 1980లలోనే కువెలాస్ అనే మేయరు ఒక గొయ్యి తవ్వించారు. మెట్రో రాలేదు, గొయ్యి మాత్రం ఆయన పేరుతో జనం నోళ్లలో నిలిచిపోయింది. అసలు పని 2006లో మొదలైంది. క్రీ.పూ. 315లో కాసాండర్ అనే రాజు కట్టించి, తన భార్య పేరు పెట్టుకున్న ఊరది. అలాంటిచోట గునపం వేస్తే మట్టి ఒక్కటే వస్తుందా? 3 లక్షలకు పైగా పురావస్తువులు బయటపడ్డాయి. వాటన్నిటికీ రాణిలాంటిది ఈ వీధి.

దీన్ని ఎక్కడిదక్కడే ఉంచి స్టేషన్ కట్టవచ్చని ఏళ్ల తరబడి జరిగిన వాదన తరువాత తేల్చారు కూడా. 2019లో ప్రభుత్వం మారింది. తేల్చినదీ మారింది. తీసేసి మళ్లీ పెడతామన్నారు. పండితులు మొత్తుకున్నారు, పౌరులు కోర్టుకెక్కారు, లాభం లేకపోయింది. తీస్తేనే పని త్వరగా అవుతుందన్నారు. త్వరగా అంటే 2024 నవంబరు 30. పద్దెనిమిదేళ్లకు 9.6 కిలోమీటర్లు, 13 స్టేషన్లు. డ్రైవరు లేని రైళ్లట. తొందర ఎవరికో మరి.

ఆ రాళ్ల బదిలీ ఎలా జరిగి ఉంటుందో ఊహించుకుంటేనే నాకు కాస్త ఉపశమనం. బల్ల మీద హాజరుపట్టీ, వెనక ముక్కుమీదికి జారిన కళ్లద్దాల గుమాస్తా.

"మూడు వందల పన్నెండు?"

"హాజరండి."

"ఎప్పటి నుంచి ఉద్యోగంలో ఉన్నావు?"

"6వ శతాబ్దం నుంచండి. ఒక్క సెలవు పెట్టలేదు."

"ఒకేచోట పదిహేను వందల ఏళ్లా! మూడేళ్లు దాటితే బదిలీ తప్పదని తెలియదా? ఎవరి సిఫారసుతో పాతుకుపోయావు?"

"బరువు వల్లనండి."

"సరే, ఇవాళే రిలీవ్ అవ్వు. పని ముగిశాక ఇదే స్థానంలో తిరిగి చేరాలి. మధ్యకాలం సర్వీసులోకి రాదు. ప్రయాణంలో అంచు విరిగితే వైద్య ఖర్చులు ఇవ్వబడవు."

"అయ్యా, నా కింద మట్టి ఉందండి. మేమిద్దరం మొదటి నుంచీ కలిసే ఉన్నాం."

"మట్టికి పోస్టు మంజూరు కాలేదు. తరువాత! మూడు వందల పదమూడు?"

బావమరిదికి నేను చెప్పాలనుకున్నది ఆ మట్టి సంగతే. వీధి అంటే పలకలు కాదయ్యా! పలక కింద పరుపు, దాని కింద అంతకుముందటి వీధి, సందులో ఎవడో జారవిడుచుకున్న నాణెం, ఆ నాణెం చెప్పే కాలం. అవి ఒకదాని మీద ఒకటి ఉన్నంతసేపే సాక్ష్యం. ఒకసారి విడదీశాక ఎంత నేర్పుగా పేర్చినా అది సాక్ష్యం కాదు, సామాను. అక్కడే ఉంచే దారి ఉందని తెలిసి, కాగితం మీద గీసుకుని, ఆ కాగితాన్ని పక్కన పడేసి రంపం పట్టడం అవసరం కాదు, పొగరు. పదిహేను వందల ఏళ్లలో ఎన్ని రాజ్యాలు మారినా, 1917లో నగరం నడిబొడ్డు తగలబడిపోయినా చెక్కుచెదరని వీధిని చెదరగొట్టడానికి ఒక రవాణా పథకం సరిపోయింది! పైగా రిబ్బను కత్తిరించే రోజున దాన్నే చూపించి చప్పట్లు కొట్టించుకోవడం.

మనం మాత్రం తక్కువ తిన్నామా అంటారు. నాగార్జునకొండ గుర్తుంది. రోమన్ బంగారు నాణేలు దొరికిన లోయే అది. కృష్ణ నీళ్లు ముంచెత్తబోతున్నాయని 1954 నుంచి 1960 దాకా తవ్వి, దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికి, మెట్ల రంగస్థలాన్ని అనుపుకు మార్చారు. అక్కడ పొలాలకు నీళ్లు కావలసి వచ్చాయి, లోయ మునిగింది. అనుపులో మెట్ల మీద కూర్చున్నవాడికి అవి వేరేచోట నుంచి వచ్చాయని తెలుసు. ఎవరూ "చోటూ అదే" అనరు.

బావమరిది ఈలోపు ప్లాట్‌ఫారానికి దిగిపోయాడు. నేను ఒక్కడినే కాసేపు నిలబడి, మూలగా ఉన్న ఒక పలకకేసి చూసి, "చార్జి తీసుకున్నావా?" అని మెల్లగా అడిగాను.

పలకలేదు. ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నట్టుంది.