అసలు సినిమా పోయింది, వెక్కిరింపు మిగిలింది

మొన్న ఒక కొత్త స్పూఫ్ సినిమా, అంటే వేరే సినిమాలను వెక్కిరించే బాపతుది, మొదలుపెట్టి ఇరవై నిమిషాలకే ఆపేశాను. పేరెందుకులెండి, ఈ బాపతు సినిమాలన్నీ ఒకేలా ఉంటున్నాయి. ఏదో హిట్ సినిమా హీరో గెటప్‌లో ఒకడొస్తాడు, కాలు జారి పడతాడు, లేచి మన వైపు చూసి కన్ను కొడతాడు. గుర్తుపట్టాం కాబట్టి నవ్వేయాలన్నమాట. గుర్తుపట్టడం వేరు, నవ్వు రావడం వేరు అని వీళ్లకు ఎవరైనా చెప్పండయ్యా!

ఆ చిరాకులో 'ఎయిర్‌ప్లేన్!' మళ్లీ పెట్టుకున్నాను. 1980 నాటి సినిమా, ఎన్నోసారో లెక్క మర్చిపోయాను. విమానంలో భోజనం వికటించి జనం పడిపోతుంటారు. డాక్టర్ "ఈవిడను వెంటనే హాస్పిటల్‌కి చేర్చాలి" అంటాడు. ఎయిర్‌హోస్టెస్ కంగారుగా "హాస్పిటలా! ఏంటి?" అంటుంది. "పెద్ద బిల్డింగు, లోపల పేషెంట్లుంటారు, ఇప్పుడది ముఖ్యం కాదు" అంటాడాయన. వస్తోందని తెలుసు, ఎక్కడ వస్తుందో కూడా తెలుసు, అయినా పొట్ట పట్టుకున్నాను.

ఆ డాక్టర్ లెస్లీ నీల్సన్. ఆయన్ని 'నేకెడ్ గన్'లో మొదట చూసినవాళ్లు పుట్టు కమెడియన్ అనుకుంటారు గానీ, 'ఎయిర్‌ప్లేన్!' దాకా ఆయనకు పేరు తెచ్చినవి గంభీరమైన వేషాలే. 1972లో 'ద పొసైడన్ అడ్వెంచర్'లో బోల్తాపడే ఓడకు కెప్టెన్ ఆయనే. 'ఎయిర్‌ప్లేన్!' తీసిన జిమ్ అబ్రహమ్స్, డేవిడ్ జకర్, జెర్రీ జకర్‌ల తెలివంతా ఇక్కడే ఉంది. రాబర్ట్ స్టాక్, లాయిడ్ బ్రిడ్జెస్, పీటర్ గ్రేవ్స్, అందరూ ఏళ్ల తరబడి ముఖం బిగించుకుని నటించినవాళ్లే. ఇక్కడా ఆ ముఖాలతోనే వచ్చి, ఆ గొంతులతోనే మాట్లాడారు. సంగీతం ఎల్మర్ బెర్న్‌స్టీన్, అంటే 'ద మాగ్నిఫిసెంట్ సెవెన్'కి చేసినాయన. ఆయన కూడా ఇది కామెడీ అని ఎవరూ చెప్పనట్టే వాయించారు. బయట ఎగిరేది జెట్ విమానం, వినిపించేది పాత ఫ్యాన్ల విమానం చప్పుడు. దాన్ని ఎవరూ ఎత్తి చూపరు, గమనిస్తే మన అదృష్టం.

దీనికి మూలం 1957లో వచ్చిన 'జీరో అవర్!' అని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. యుద్ధంలో దెబ్బతిన్న పైలట్, అతన్ని వదిలేసి వెళ్తున్న ఆమె, చేప తిని పడిపోయిన పైలట్లు, అంతా సీరియస్ కథ. వీళ్లు దాని హక్కులు కొని మరీ కథను, చాలాచోట్ల డైలాగులను ఉన్నవున్నట్టు వాడేశారు. విమానం నడపడం వచ్చి, చేప తినని వాడు కావాలనే మాట అచ్చంగా ఆ పాత సినిమాలోదే. 'ఎయిర్‌ప్లేన్!'ని సుమారు 35 లక్షల డాలర్లతో తీస్తే ఒక్క ఉత్తర అమెరికాలోనే 8 కోట్ల డాలర్లు దాటి వసూలు చేసింది. 2010లో అమెరికా జాతీయ ఫిల్మ్ రిజిస్ట్రీలో, అంటే కాపాడుకోవాల్సిన సినిమాల జాబితాలో కూడా చేర్చారు.

ఇప్పుడు 'జీరో అవర్!'ని ఎంతమంది చూసుంటారు? దాని ఊసే తెలియకుండా నేను ఏళ్ల తరబడి నవ్వాను, అది మామూలు విషయమా? వెక్కిరించిన సినిమాను జనం మర్చిపోతే స్పూఫ్ కూడా దాంతోపాటే పోవాలి కదా. ఇది పోలేదు, ఎందుకంటే ఇందులో జోకు పాత సినిమా మీద ఆనుకుని లేదు, తన కాళ్ల మీద తను నిలబడింది. బాస్కెట్‌బాల్ దిగ్గజం కరీం అబ్దుల్ జబ్బార్ ఇందులో కోపైలట్. ఒక పిల్లాడు గుర్తుపట్టేస్తే "కాదు బాబూ, నా పేరు రోజర్ మర్డాక్" అని బుకాయిస్తాడు. వాడు "నువ్వు డిఫెన్స్‌లో సరిగా ఆడవని మా నాన్న అంటాడు" అనేసరికి మొత్తం మర్చిపోయి ఆ పసివాడి కాలర్ పట్టుకుంటాడు. నాకు బాస్కెట్‌బాల్‌లో అఆలు కూడా రావు. ఐనా ఆ సీన్ నాకు అర్థమైంది, తిట్టు తగిలితే అబద్ధం ఊడిపోతుంది, దానికి బంతితో పనేముంది?

అన్నీ బంగారమే అనను. నల్లజాతి ప్రయాణికుల యాస మీద నడిచే సీన్, కెప్టెన్ చిన్నపిల్లాడిని అడిగే ప్రశ్నలు ఇవాళ చూస్తే కాస్త ఇబ్బందిగానే ఉంటాయి. కొన్ని జోకులు అప్పుడే చచ్చిపుట్టాయి కూడా. కానీ నిమిషానికి నాలుగు విసురుతుంటే ఒకటి తప్పితే బాధపడే టైమ్ మనకెక్కడిది? గంటన్నర కూడా లేదు సినిమా. లాయిడ్ బ్రిడ్జెస్ మొదట సిగరెట్ మానేయడానికి తప్పు వారం ఎంచుకున్నానంటాడు, తర్వాత మందు అంటాడు, అక్కడి నుంచి మత్తుమాత్రలు, చివరికి జిగురు వాసన పీల్చడం దాకా పోతాడు, అదీ నెత్తి మీద బాంబు ఉన్నవాడి ముఖం పెట్టి. ఇప్పటివాళ్లయితే రెండో మాటకే కన్ను కొట్టేసేవారు.

అన్నట్టు, ఈమధ్య 'జీరో అవర్!' కూడా చూశాను, బుద్ధిగా చూద్దామనే కూర్చున్నాను. కుదిరితేగా! హీరో డానా ఆండ్రూస్ పాపం ప్రాణం పెట్టి నటిస్తున్నాడు, విమానం దించాలి, నుదుటి మీద చెమట పట్టింది. నేను మాత్రం, 'ఎయిర్‌ప్లేన్!'లో హీరోకి చెమట పట్టినట్టు ఇంకా బకెట్‌తో నీళ్లు కుమ్మరించరేంటా అని ఎదురుచూస్తూ కూర్చున్నాను.