గుత్తి కోటలో నీళ్ల తిత్తి

ఎండాకాలంలో గుత్తి కోట ఎక్కినవాళ్లకు దాహం గురించి కొత్తగా చెప్పనక్కర్లేదు. అనంతపురం నుంచి కర్నూలు వెళ్లే హైవే మీద సుమారు 50 కిలోమీటర్లు పోతే గుత్తి వస్తుంది. కింద నుంచి చూస్తే కోట ఇక్కడే ఉందనిపిస్తుంది. ఎక్కడం మొదలుపెట్టాక ఒక ద్వారం దాటితే ఇంకో ద్వారం, ఒక మలుపు తిరిగితే ఇంకో మలుపు, బండ మీది సెగ కాళ్లకు తగులుతూనే ఉంటుంది. కోట మీద బావులున్నాయి. అయినా 1776లో మైసూరు హైదర్ అలీ ముట్టడికి, గుత్తిని ఏలుతున్న మరాఠా నాయకుడు మురారిరావు ఘోర్పడే చేతులెత్తేయాల్సి వచ్చింది పైన నీళ్లు నిండుకోవడం వల్లే.

ఆ ముట్టడినే కథగా తీసుకుని అనంతపురంలో ఇంజినీరింగ్ చదువుతున్న ముగ్గురు పిల్లలు ఒక కంప్యూటర్ గేమ్ తయారుచేశారు. పాతకాలపు ఫాంటసీ రోల్‌ప్లేయింగ్ గేమ్, అంటే కథలో ఒక పాత్ర మనమే అయి ఆడేది. గళ్ల నేల, వేలెడు బొమ్మలు, స్క్రీన్ అడుగున పెట్టెలో డైలాగులు, ఒకరి తర్వాత ఒకరు వంతులేసుకుని చేసే పోరాటం. డబ్బులేమీ తీసుకోవడం లేదు. పేరు కూడా ఇంకా పెట్టలేదు కాబట్టి ఇక్కడ గుత్తి గేమ్ అనే అంటాను. బంధువుల ద్వారా నా దాకా వచ్చింది. మొదటి నుంచి చివరి దాకా ఆడాను.

మన సంఘం పత్రికలో సినిమాల గురించి రాసుకుంటాం, పుస్తకాల గురించి రాసుకుంటాం. దీని గురించి కూడా అంతే శ్రద్ధగా రాయాలనిపించింది. ఊళ్లో పిల్లలు ఇలాంటిది చేశారని తెలిస్తే మన నోట రెండే మాటలొస్తాయి. ఒకటి శభాష్, రెండోది ముందు చదువు సంగతి చూడండ్రా అని. రెండూ గేమ్ తెరిచి చూడకుండానే అనగలిగిన మాటలు. రాత్రుళ్లు మేలుకుని పని చేసినవాళ్లకు అవి ఏ పనికొస్తాయి? ఆడి చూసినవాళ్లు ఎక్కడ బాగుందో, ఎక్కడ చెడిందో, ఎందుకు చెడిందో చెప్పాలి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ గేమ్‌లో మొదటి సగం అచ్చంగా వాళ్లది, చాలా బాగుంది. రెండో సగం ఎక్కడో చూసి తెచ్చుకున్నది. దాన్ని తీసేసి మళ్లీ రాయాలి.

ఈ తరహా గేములు తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1981లో అమెరికాలో అల్టిమా, విజార్డ్రీ అని రెండు గేములు వచ్చాయి. వాటిని చూసి ముచ్చటపడిన యూజీ హోరీ అనే జపాన్ ఆయన 1986లో డ్రాగన్ క్వెస్ట్ చేశాడు. గేమ్ మొత్తం 64 కిలోబైట్లలో ఇమడాలి. ఇవాళ ఫోన్‌లో తీసే ఒక్క ఫొటోకు కూడా అది చాలదు. చోటు చాలక కటకానా అనే జపాన్ లిపిలో సుమారు 20 అక్షరాలు మాత్రమే పెట్టుకుని, ఆ అక్షరాలతో కుదిరే పేర్లే రాసుకున్నారట. గుహలోకి వెళితే అంతా చీకటి, కాగడా వెలిగిస్తే చుట్టూ ఒక్కో గడి మాత్రం కనిపిస్తుంది. ఇంత ఇరుకులో చేసిన ఆ గేమ్ దారిలోనే తర్వాత ఎంతోమంది నడిచారు. ఇప్పుడు ఇరుకు లేకపోయినా చాలామంది ఔత్సాహికులు ఆ పద్ధతే ఎంచుకుంటారు. బొమ్మలు చిన్నవి కాబట్టి ఇద్దరు ముగ్గురు కూర్చుని ఒక లోకాన్ని మొత్తంగా గీసెయ్యొచ్చు. మన పిల్లలు వాడిన గోడో అనే గేములు తయారుచేసే సాధనం పూర్తిగా ఉచితం, దాని సోర్స్ కోడ్ కూడా అందరికీ తెరిచే ఉంది.

ఇక గుత్తి గేమ్. ఇందులో మనం ఆడే పాత్ర కోట మీదికి నీళ్లు మోసే అమ్మాయి. చేతిలో కత్తి ఉండదు, భుజాన తోలు తిత్తి ఉంటుంది. ముట్టడి మొదలయ్యాక కింది దారులు మూసుకుపోతాయి. పైనున్న బావుల్ని దయ్యాలు పట్టాయని, ఎక్కడో మరుగున పడిన ఒక పాత బావికి గ్రామదేవత సుంకులమ్మ కాపలా ఉందని జనం చెప్పుకుంటుంటారు. ఆ బావిని వెతకాలి.

మామూలుగా ఇలాంటి గేముల్లో ప్రాణానికొక అంకె, మంత్రశక్తికొక అంకె ఉంటాయి. ఇక్కడ రెండిటికీ నీళ్లే. ఎండలో కొన్ని గళ్లు నడిస్తే తిత్తిలో ఒక గుక్క తగ్గుతుంది. నీడలో నడిస్తే తగ్గదు. పొద్దుతో పాటు నీడ తిరుగుతుంది. ఉదయం గోడకు పడమటి పక్కనున్న నీడ సాయంత్రానికి తూర్పు పక్కకు చేరుతుంది. మిట్టమధ్యాహ్నం కోట ద్వారాల కింద తప్ప ఎక్కడా నీడుండదు. పొద్దు వాలేదాకా అక్కడే ఆగాలి, లేదా ఉన్న నీళ్లను నమ్ముకుని బయల్దేరాలి. విషం ఎక్కడం, శాపం తగలడం లాంటివేమీ లేవు. వడదెబ్బ ఉంది. అది తగిలితే స్క్రీన్ అంచులు తెల్లబారి అడుగులు తడబడతాయి. మజ్జిగ దొరికితే సర్దుకుంటుంది. సగటున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లాలో పెరిగిన పిల్లలు తప్ప ఇంకెవరూ గేమ్‌ను ఇలా ఆలోచించలేరని నా గట్టి నమ్మకం.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. నాలుగో ద్వారం దగ్గర ఒక ముసలి కావలివాడు గోడ నీడలో కూర్చుని ఉంటాడు. పక్కకు పోగానే అడుగుతాడు: "యాడికి పోతాండావు పాపా ఈ ఎండలో? ఓ గుక్క నీళ్లుంటే పోయ్యి." అప్పటికి మన తిత్తిలో ఉండేదే రెండు మూడు గుక్కలు. పోస్తే తాగుతాడు, మూతి తుడుచుకుంటాడు, అంతే. దారి చెప్పడు, తాళం చెవి ఇవ్వడు, అంకె ఏదీ పెరగదు. మనం ముందుకు పోతాం. చాలాసేపటికి, పై గుట్టలన్నీ తిరిగి తిత్తి ఎండిపోయి, వడదెబ్బతో వెనక్కి వస్తాం. అదే ముసలాయన అక్కడే ఉంటాడు. మనల్ని చూసి ఒక్క గడి పక్కకు జరిగి కూర్చుంటాడు. ఆయన ఖాళీ చేసిన గడిలో నీడ ఉంటుంది. అందులో నిలబడితే ప్రాణం కాస్త కుదుటపడుతుంది. ఒక్క మాట రాయలేదు అక్కడ. మొదట్లో నీళ్లు పోయకపోతే ఆయన జరగడు. తిట్టడు కూడా.

మన జిల్లాకు దూరంగా, ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయికి గుత్తి ఎక్కడుందో తెలియదు. ఆయన నీళ్లడిగినప్పుడు తిత్తి వంక, ఎదురుగా ఉన్న ఎండ వంక మార్చి మార్చి చూసి దానికి వచ్చిన టెన్షన్ ఇంతా అంతా కాదు. చివరికి పోసింది.

పోరాటాల్లోనూ ఇదే నడుస్తుంది. తేలు, ఎలుగుబంటి, బావి దయ్యం ఎదురైతే మనకు మూడు దారులు: కొట్టు, పారిపో, నీళ్లు పెట్టు. ఎలుగుబంటికి నీళ్లు పెడితే తాగి పోతుంది. 2015లో టోబీ ఫాక్స్ దాదాపు ఒంటరిగా చేసిన అండర్‌టేల్ అనే గేమ్‌లో కూడా ఎవర్నీ చంపకుండా చివరిదాకా వెళ్లొచ్చు. ఆ ఆలోచన అక్కడి నుంచే తీసుకుని ఉండొచ్చు, తప్పేమీ లేదు. కానీ అక్కడ జాలి చూపిస్తే మన చేతిలోది ఏమీ పోదు. ఇక్కడ మన ప్రాణంలోంచి తీసి పెట్టాలి.

తప్పులు చెప్పాలంటే, మొదటిది పోరాటాల లెక్క. ఆరేడు అడుగులకొకసారి ఏదో ఒకటి మీద పడుతుంది. ఖాళీగా ఉంటే ఆడేవాళ్లకు విసుగొస్తుందని భయపడ్డట్టున్నారు. ఎండా నీడా చూసుకుంటూ నడవడమే ఇందులో అసలు ఆట. దాన్ని మాటిమాటికీ ఆపి తేలును చూపిస్తే ఆ ధ్యాస చెదిరిపోతుంది. పై గుట్టల్లో పోరాటాలు సగానికి సగం తీసెయ్యాలి.

రెండోది తెలుగు అక్షరాలు. డైలాగు పెట్టెలో మాటలు ఒక్కో అక్షరంగా వస్తాయి, ఈ గేముల్లో అది రివాజు. ఇంగ్లిష్‌కు సరిపోతుంది. గుత్తి అనే మాట మన కంటికి రెండక్షరాలు, కంప్యూటర్ లోపల ఆరు ముక్కలు: గ, కొమ్ము, త, పొల్లు, మళ్లీ త, గుడి. వాటిని ఒక్కొక్కటిగా చూపించడంతో ముందు గుత అని, తర్వాత గుత్ అని, తర్వాత గుత్త అని కనిపించి అప్పుడు గుత్తి అవుతుంది. వాక్యం పొడుగునా ఒత్తులు ఇలా మిణుకుమంటుంటే కళ్లు లాగుతాయి. దీనికి మందు వాళ్ల చేతిలోనే ఉంది. గోడో 2023లో వచ్చిన నాలుగో వెర్షన్ నుంచి తెలుగు లాంటి లిపుల్ని సరిగ్గా కూర్చగలుగుతోంది, అక్షరాలు కూర్చడం పూర్తయ్యాకే ఒక్కొక్కటిగా చూపించే సెట్టింగు కూడా అందులో ఉంది. అది మారిస్తే చాలు. గేమ్‌లో అన్నీ గళ్ల బొమ్మలై ఉండి తెలుగు ఫాంట్ ఒక్కటే నున్నగా ఉండటం మాత్రం నాకు ఇబ్బంది అనిపించలేదు. ఇంగ్లిష్ పెద్దక్షరాలు పట్టే ఎనిమిదింటికి ఎనిమిది చుక్కల గడిలో పైన గుడి, కింద ఒత్తు పట్టించడం అయ్యే పని కాదు.

మూడోది చిన్నది. గేమ్‌లో తిండి దగ్గర సంగటి ముద్దతో శెనక్కాయ పచ్చడి పెట్టారు. శెనక్కాయ మన జిల్లా పొలాల్ని కమ్మేసింది 20వ శతాబ్దంలో. 1776 కథలో అది ఉండకూడదు. ఫాంటసీయే కదా అంటే అనొచ్చు కానీ మిగతాదంతా అంత జాగ్రత్తగా కట్టినప్పుడు ఇది కూడా చూసుకోవాల్సింది.

సంగీతం గురించి ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పాత నింటెండో గేమ్ మెషీన్‌లో శబ్దానికి ముఖ్యంగా నాలుగే దారులుండేవి, అందులో ఒకటి గరగరమనే నాయిస్. డప్పుల శబ్దాలకు దాన్నే వాడేవాళ్లు. వీళ్లు ఆ గరగరలోంచి ఉరుము వాయిద్యాన్ని పలికించారు. అనంతపురం పల్లెల్లో ఉరుముల నృత్యం చూసినవాళ్లు సుంకులమ్మ బావి దగ్గర ఆ దరువు వినగానే గుర్తుపడతారు.

ఆ బావి దొరికాక కథ అయిపోవాలి, లేదా ఇంకా లోతుకు పోవాలి. కానీ ఏం జరుగుతుందంటే, బావిలోంచి ఒక మాయద్వారం తెరుచుకుని అమ్మాయి మంచు రాజ్యంలో తేలుతుంది. తెల్లరాతి కోట, గడ్డపు మాంత్రికుడు, నాలుగు స్ఫటికాలు, చివర్లో డ్రాగన్. నిన్నటిదాకా "నీళ్లుండాయా పాపా" అన్న లోకంలో ఇప్పుడు "ఓ వీరవనితా! నీ రాకకై మా రాజ్యం ఎదురుచూస్తున్నది" అంటారు. డబ్బింగ్ సినిమాల్లో కూడా ఇప్పుడు ఇలా మాట్లాడటం లేదు. అన్నిటికన్నా బాధ పెట్టింది తిత్తి సంగతి. మంచు రాజ్యంలో ఎటు చూసినా నీళ్లే కాబట్టి దానికి పని లేకుండా పోయింది. చేతికి మామూలు కత్తి ఇచ్చారు. మొదటి సగంలో అంత ఓపికగా నేర్పించిన ఎండ, నీడ, గుక్కల లెక్క అన్నీ గాలికి పోయాయి. గేమ్ అంటే చివర్లో డ్రాగన్ ఉండాలి అని వాళ్లకు ఎవరూ చెప్పి ఉండరు, ఆడిన గేముల్లో చూసి ఉంటారు. వాళ్ల ఇష్టాన్ని నేను తప్పుపట్టను. వాళ్లకున్న బలం ముందు ఆ డ్రాగన్ తేలిపోయింది, అదే నా ఫిర్యాదు.

రెండో సగానికి సరుకు కోసం సముద్రాలు దాటక్కర్లేదు. గుత్తికి దగ్గర్లోనే కర్నూలు జిల్లా తుగ్గలి మండలంలో ఎర్రగుడి ఉంది. అక్కడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. వాటిలో ఒక శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. ఎడ్లను మళ్లించి దున్నినట్టు చదవాలి. గేమ్‌లో చిక్కుముడిగా పెట్టడానికి అంతకన్నా మంచి వస్తువు దొరుకుతుందా? నీళ్ల దారి ఆ రాతలో దాచిపెట్టొచ్చు, చదివే దిక్కు పట్టుకున్నవాళ్లకు దొరుకుతుంది.

అక్కడి నుంచి బెలుం గుహలకు తీసుకుపోవాలి. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న సున్నపురాతి గుహలు. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త వాటి గురించి రాశాడు. లోపల ఉక్కపోత, సన్నటి దారులు, వంగి దూరాల్సిన చోట్లు. అన్నిటికన్నా లోతున, నేల మట్టానికి సుమారు 46 మీటర్ల కింద, పాతాళగంగ అనే నీటి పాయ పారుతూ కంటికి కనపడకుండా భూమిలోకి పోతుంది. పైన ముట్టడి, దాహం. కింద చీకట్లో పారే నీళ్లు. డ్రాగన్ క్వెస్ట్ కాగడా ఇక్కడ పనికొస్తుంది: పైన నీడ కోసం వెతికిన అమ్మాయి కింద వెలుతురు కోసం వెతకాలి. తిత్తి ఖాళీగా దిగి నిండుగా పైకి రావాలి. దిగడం తేలిక, నిండిన తిత్తితో ఎక్కడమే కష్టం. గుక్కల లెక్కను తిరగేసి ఇక్కడ బరువు లెక్క చెయ్యొచ్చు. కోట మీదికి చేరేసరికి ముట్టడి ఏమైంది అన్నది వాళ్ల ఇష్టం. చరిత్రలో మురారిరావు లొంగిపోయాడు. ఆ మాటను మార్చకుండా ఆ అమ్మాయి తెచ్చిన నీళ్లు ఎవరికి అందాయో చెప్పగలిగితే నాకు తృప్తి.

ఇదంతా వాళ్లకు విడిగా రాసి పంపాను. ఒక్కడి మాట మీద సగం గేమ్ తీసేయమంటే ఎవరికైనా కష్టమే, అందుకే సభ్యులను అడుగుతున్నాను. మామూలు విండోస్ ల్యాప్‌టాప్ ఉంటే చాలు. ఈసారి కలుసుకున్నప్పుడు గేమ్ కావాలన్నవాళ్లకు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇస్తాను. పిల్లలతో కలిసి కోట భాగం వరకు ఆడండి. ఏ చోట ఆగిపోయారో, ఏ డైలాగు పిల్లలకు అర్థం కాలేదో, ఎక్కడ విసుగొచ్చిందో నాలుగు వాక్యాలు రాసి సంపాదకుల దగ్గర ఇస్తే వాళ్లకు చేరుస్తాను. ముసలాయనకు నీళ్లు పోశారో లేదో కూడా రాయండి, ఆ ముగ్గురూ ముఖ్యంగా తెలుసుకోవాలనుకుంటున్నది అదే.