ఆలోచన నిజమేనా అని అడిగే వైద్యం

దిగులుతో ఉన్న మనిషికి ఎక్కువగా దొరికే సలహా ‘పాజిటివ్‌గా ఆలోచించు’. కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (సీబీటీ) అంటే కూడా ఇదేనని చాలామంది అనుకుంటారు. కాదు. మనసుకు తట్టిన మాట ఎంతవరకు నిజమో పరీక్షించి చూడటమే సీబీటీ.

1960లలో దీనికి రూపమిచ్చిన అమెరికా మానసిక వైద్యుడు ఆరన్ బెక్ మొదట మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ బాటలోనే నడిచాడు. లోపలికి తిరిగిన కోపమే డిప్రెషన్ అన్న సిద్ధాంతాన్ని రుజువు చేద్దామని రోగుల కలలను పరిశీలించాడు. వాటిలో కోపం కన్నా ఓటమి, నష్టం, తిరస్కారమే కనిపించాయి. ‘నేను పనికిరాను’ వంటి మాటలు వాళ్ల మనసులో చటుక్కున మెదిలి మాయమవుతున్నాయనీ గమనించాడు. తను నమ్మినదాన్ని పరీక్షకు పెట్టి, నిలవకపోతే వదులుకున్నాడు. రోగులకూ అదే నేర్పాడు.

పానిక్ అటాక్‌నే చూడండి. గుండె దడదడలాడుతుంది. ‘హార్ట్ అటాక్ వస్తోంది, చచ్చిపోతాను’ అనిపిస్తుంది. ఆ భయానికి దడ ఇంకా పెరుగుతుంది. వెంటనే కూలబడతారు, లేదా పక్కవాళ్లను పట్టుకుంటారు. కాసేపటికి తగ్గుతుంది. కూర్చున్నాను కాబట్టే బతికాను అనుకుంటారు. అందుకే వందసార్లు వచ్చి తగ్గినా భయం పోదు. గుండె జబ్బు లేదని డాక్టర్ తేల్చాక, థెరపిస్టు ఆ దడనే కావాలని తెప్పిస్తారు: వేగంగా ఊపిరి పీల్చమంటారు, మెట్లెక్కమంటారు. ఈసారి కూర్చోకూడదు, ఎవరినీ పట్టుకోకూడదు. దడ దానంతటదే తగ్గుతుంది. ఎవరు ఎంత ధైర్యం చెప్పినా కలగని నమ్మకం ఆ కాసేపట్లో కలుగుతుంది. పేరులో ‘బిహేవియరల్’ (ప్రవర్తనకు సంబంధించిన) అనే మాట ఉన్నది ఇందుకే. దాన్ని మరిచి ఉత్త మాటలతో సరిపెట్టే థెరపీ సగం థెరపీ అని నా అభిప్రాయం.

డిప్రెషన్‌లోనూ అంతే. సీబీటీలో ఉత్సాహం వచ్చాక పని చేద్దామని ఆగరు. చిన్న పనితో మొదలుపెడితే ఉత్సాహం మెల్లగా వెనకే వస్తుంది.

అన్ని బాధలూ ఆలోచనల్లోని పొరపాట్లు కావు. ఇంట్లో దెబ్బలు తినే మనిషికి భయం వేయడం సరైన ఆలోచనే. ‘నీ ఆలోచన మార్చుకో’ అనడం అక్కడ అన్యాయం, ముందు కావలసింది రక్షణ. తీవ్రమైన డిప్రెషన్‌కు చాలాసార్లు మందులూ తోడు కావాలి.

సీబీటీకి సాధారణంగా 12 నుంచి 20 సెషన్లు పడతాయి. ప్రతి వారం హోంవర్క్ ఉంటుంది. చివరి సెషన్లలో, దిగులు మళ్లీ వస్తే ముందుగా కనిపించే గుర్తులేమిటో, అప్పుడు ఏం చేయాలో మనిషి తన మాటల్లోనే రాసి దగ్గర పెట్టుకుంటాడు.