శ్రీశైలం రోడ్డులో మన్ననూరు దాటాక ఎడమవైపు నిలబడ్డ పులిబొమ్మ బోర్డు గారికి

మహారాజశ్రీ బోర్డు గారి సముఖమునకు, పాలమూరు నుంచి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ క్షేమమేనని మొన్న ఆదివారం కళ్ళారా చూశాను. కొత్త రంగు వేశారు, పులికి కొత్త మీసాలు దిద్దారు. కాళ్ళు మాత్రం అవే ఇనుప పైపులు. తమరి నెత్తిన ఒక కోతి కూర్చుని, మా అమ్మాయి చేతిలోంచి లాక్కున్న పండగ సకినాల పొట్లం తీరుబడిగా విప్పుతోంది. తమరి కొలువులో దర్శనమిచ్చిన ఏకైక వన్యప్రాణి అదే కాబట్టి, సకినాలు నైవేద్యం అనుకుని వదిలేశాం.

జీపు ఎక్కాం. మధ్యాహ్నం మూడింటి నుంచి పొద్దు గూకేదాకా తిరిగాం. దుప్పులు కనిపించాయి, నెమళ్ళు కనిపించాయి, ఒక మనుబోతు వెనకవైపు కనిపించింది. పులి సంగతి అడిగితే, జీపులో వచ్చిన చెంచు పిల్లగాడు, తమరి చుట్టుపక్కల అందరూ చెప్పే మాటే చెప్పాడు: "నిన్ననే ఈడికొచ్చి పోయింది సార్."

నిన్న. ఎప్పుడు పోయినా నిన్ననే.

ఆ పిల్లగాడి తప్పేం లేదు, బోర్డు గారూ. జీపు ఆపించి, దుమ్ములో ఒక అడుగు చూపించాడు. నాలుగు వేళ్ళు, వెనక వెడల్పాటి మెత్త. గోళ్ళ గుర్తులు లేవు. నడిచేటప్పుడు పులి గోళ్ళు లోపలికి ముడుచుకుంటుందట, అదే కుక్క జాతి అడుగైతే గోళ్ళు కూడా పడతాయట. మా అమ్మాయి దాని పక్కన తన అరచెయ్యి ఆనించి చూసుకుంది. రెండు చేతులు పెట్టినా సరిపోలేదు. ఆ పది నిమిషాలకు టికెట్టు డబ్బులు గిట్టాయి. మిగతా మూడు గంటల లెక్క మాత్రం తమరే చెప్పాలి.

ఈ అడవి 1983లోనే టైగర్ రిజర్వు అయింది, నాకంటే ఐదేండ్లు పెద్ద. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి ముక్క అమ్రాబాద్ రిజర్వు అయింది. 2611 చదరపు కిలోమీటర్లు! అంత జాగాలో ఆయన ఏ బండ నీడన పడుకున్నాడో మనకెందుకు, ఆయన ఇల్లు, ఆయన ఇష్టం. ఫరహాబాద్‌లో నిజాం కాలంలో వేటకొచ్చిన దొరలకు కనిపించి ఏం బాగుపడ్డాడు గనుక, ఫోను పట్టుకొచ్చిన నాకు కనిపించాలి? పులి మీద నాకు కోపం లేదు. పులి ఎక్కడా నాకు మాటివ్వలేదు. ఇచ్చింది తమరు.

అసలు బాకీ 1997 సంక్రాంతి సెలవులది. తమరు మర్చిపోయి ఉంటారు.

అంబాసిడర్ కారు కిరాయికి మాట్లాడుకుని, జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా శ్రీశైలం బయల్దేరాం. ముందు సీట్లో లెక్కల సారుగా రిటైరైన మా తాత. వెనక నాన్న, అమ్మ, అవ్వ, అవ్వ ఒళ్ళో నేను, నా ఒళ్ళో పులిహోర గిన్నె. నాన్న దగ్గర అడిగి తెచ్చుకున్న కెమెరా, అందులో 36 ఫొటోల రీలు. డిండి చెరువు దగ్గర ఎన్ని తీశాడో, ఉమామహేశ్వరం మెట్ల మీద ఎన్ని తీశాడో, మన్ననూరు చేరేసరికి మిగిలింది ఒక్కటి.

అప్పుడు తమరు ఎదురయ్యారు. పసుపు రంగు రేకు. దాని మీద, పులిని ఎన్నడూ చూడని మనిషి, పులిని చూసినవాళ్ళను కూడా చూడని మనిషి గీసిన పులి. మనిషి కళ్ళు, పిల్లి చెవులు, పోలీసు పటేలు మీసాలు. కింద "పులులు తిరుగు ప్రదేశము, నెమ్మదిగా వెళ్ళుము."

తాత కారు ఆపించాడు. "అందరు దిగుండ్రి. పులి పక్కన ఫొటో దిగుదాం."

"గది రేకు," అంది అవ్వ.

"నీకెర్క లేదు. ముందు రేకు కనవడ్తది, వెనక అసలుది కనవడ్తది."

నిలబడ్డాం. అవ్వ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. తాత ఎడమ చెయ్యి నా నెత్తి మీద, కుడి చెయ్యి తమరి భుజం మీద వేశాడు, పాత స్నేహితుడి మీద వేసినట్టు. నాన్న నొక్కాడు. ముప్పై ఆరు. రీలు గిర్రున వెనక్కి చుట్టుకున్న చప్పుడు నాకింకా గుర్తుంది.

అక్కడినుంచి ఘాట్ మలుపులు. నాలుగోదో ఐదోదో మలుపులో నా కడుపు తిరిగింది. కారు ఆపారు. డ్రైవరు ఇదే సందని బానెట్ ఎత్తి రేడియేటర్‌లో నీళ్ళు పోస్తున్నాడు. నాన్న నా నుదురు పట్టుకున్నాడు, అవ్వ వీపు నిమురుతోంది, అమ్మ డిక్కీలో నీళ్ళ సీసా వెతుకుతోంది. ఒక్క తాతే రోడ్డుకు అటుపక్క నిలబడి అడవి చూస్తున్నాడు.

"పులి," అన్నాడు.

అరవలేదు. బడిలో హాజరు పిలిచినట్టు, మామూలుగా అన్నాడు. నేను తలెత్తేసరికి వెదురు పొద ఊగుతోంది, అంతే. ఆ రోజు నాకు దక్కింది పులిహోరే, అది కూడా నిలవలేదు.

ఇక మొదలైంది చూడండి. "గది ఎర్ర లేగ," అంది అవ్వ, కళ్ళజోడు లేకుండా. "లేగకు చారలుంటయా?" అన్నాడు తాత. "పులైతే నీకు గొంతు లేస్తుండెనా?" అంది అవ్వ. ఆ లేగ, ఆ చారలు మా ఇంట్లో పద్నాలుగేండ్లు నడిచాయి. ఉప్పు ఎక్కువైందని తాత అంటే, "అవునవును, లేగను పులి అన్న నోరే కదా" అనేది అవ్వ. పెండ్లిళ్ళలో, పేరంటాల్లో, ఆస్పత్రి వరండాలో కూడా ఇదే పంచాయితీ. చుట్టాలు తాతను "పులి సారు" అని పిలిచేవాళ్ళు, వెనక నవ్వుకునేవాళ్ళు. లెక్కల్లో అర మార్కు ఎవరికీ దానం చెయ్యని మనిషి, అందరి ముందూ అబద్ధాలకోరు అయ్యాడు.

ఎందుకయ్యాడు? సాక్ష్యం లేక. సాక్ష్యం ఎందుకు లేదు? ఆ 36వ ఫొటో నీ మొహాన తగలేశాం కాబట్టి! ఒక్క ఫొటోరా నాయనా. ఒక్కటి మిగిలి ఉంటే నాన్న గుండ్రంగా తిరిగి నొక్కేవాడు, మసకగానైనా పడేది. ఇప్పుడు చెట్లకు కెమెరాలు కట్టి, ఒంటి మీది చారలను బట్టి ఇది ఫలానా పులి అని చెప్పేస్తున్నారు, మన వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ కలవవట. మా తాతకు అవేమీ వద్దు, ఒక్క తోక పడినా చాలు. నువ్వు రేకువి. నిన్ను ఎవడైనా ఎప్పుడైనా తీసుకోవచ్చు, నువ్వెక్కడికీ పారిపోవు. అయినా ఆ రోజే, ఆ ఒక్క ఫొటోకే పళ్ళికిలించి అడ్డం నిలబడ్డావు.

క్షమించాలి. తమరితో "నువ్వు" అనకూడదు.

2011లో తాత పోయాడు. పదకొండో రోజు భోజనాల దగ్గర ఎవరో అలవాటుగా "పులి సారు" అని నవ్వబోతే, అవ్వ విస్తరి ముందు నుంచి తలెత్తింది. "చూసిండు," అంది. "నేను సుత చూసిన. రోడ్డు దాటి, ఒకసారి ఎనక్కి తిరిగి మా దిక్కు చూసి పోయింది." ఎవరూ నవ్వలేదు. పద్నాలుగేండ్లలో ఆ వెనక్కి తిరిగి చూడటం అన్నది తాత కూడా ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు అవ్వ కూడా లేదు. ఆదివారం వచ్చాక, ఆ ఫొటో కోసం పాత సూట్‌కేసు దింపితే తాత లెక్కల పుస్తకం దొరికింది. ఆ రోజు పేజీ ఇది:

కారు కిరాయి 950. చాయలు ఎనిమిది, 16. అరటిపండ్లు డజను, 10. కొబ్బరికాయలు, 12. పిలగానికి నిమ్మసోడా, 3. పులి, 1.

కింద గీత. గీత కింద మొత్తం, 992.

నేను మూడుసార్లు కూడి చూశాను. 991 రావాలి. మా అమ్మాయి వేళ్ళ మీద ఒకసారి, ఫోనులో ఒకసారి కూడింది.

"తాత పులికి కూడా రూపాయి ఇచ్చిండా నాన్నా?" అంది.

ఇట్లు,
తమరి పక్కన 36వ ఫొటోలో, చొక్కా మీద పులిహోర మరకతో నిలబడ్డవాడు.