లినక్స్ గేమ్ పోర్టులు అంతకుముందే మంచం పట్టాయి

విండోస్ గేములను లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడిపించే ప్రోటాన్ అనే సాఫ్ట్‌వేర్ వల్లే లినక్స్ నేటివ్ పోర్టులు, అంటే లినక్స్ కోసమే తయారుచేసిన గేమ్ వెర్షన్లు, చచ్చిపోయాయని ఓ వ్యాసకర్త వాపోయారు. 2018లో ప్రోటాన్ రాకముందు వాటి ఆరోగ్యం ఏపాటిది? విడుదలయ్యాక చాలావాటిని పట్టించుకున్న నాథుడు లేడు. విండోస్ వెర్షన్‌కు అప్‌డేట్లు వస్తూనే ఉండేవి, లినక్స్ వెర్షన్ మాత్రం ఎక్కడిదక్కడే ఆగిపోయేది. వెర్షన్లు వేరైపోతే ఇక విండోస్‌లో ఆడే స్నేహితులతో ఆన్‌లైన్‌లో కలిసి ఆడేదెలా? రాకెట్ లీగ్ అనే గేము సంగతే చూడండి. 2020 మార్చిలో దాని లినక్స్ వెర్షన్‌కు ఆన్‌లైన్ ఆట ఆపేశారు. విండోస్ వెర్షన్ మాత్రం అదే లినక్స్‌లో ప్రోటాన్ మీద నడిచింది!

ఇంకో మాట. ప్రోటాన్‌ను ఎమ్యులేటర్ (వేరే యంత్రాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్) అనడం సరికాదు. మామూలు పీసీల్లో ప్రాసెసర్‌ను అనుకరించే పని అందులో లేదు. అందులోని వైన్ అనే భాగం విండోస్ ఫంక్షన్లను లినక్స్‌లో అమలు చేస్తుంది, డీఎక్స్‌వీకే అనే మరో భాగం విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి అయిన డైరెక్ట్‌3డీ ఆదేశాలను లినక్స్‌లో పనిచేసే వల్కన్ గ్రాఫిక్స్ పద్ధతిలోకి మారుస్తుంది. అందుకే చాలా గేముల్లో వేగం పెద్దగా తగ్గదు.

వ్యాసంలో ఒక్క వాక్యంతో దాటేసిన యాంటీ చీట్ (ఆన్‌లైన్ ఆటల్లో మోసాన్ని అడ్డుకునే సాఫ్ట్‌వేర్) దగ్గరే అసలు చిక్కు ఉంది. అలాంటి సాఫ్ట్‌వేర్లయిన ఈజీ యాంటీ చీట్, బ్యాటిల్‌ఐ 2021లోనే ప్రోటాన్‌కు వీలు కల్పించాయి. అయినా అనుమతి ఇవ్వాల్సింది గేము సంస్థే. ఇచ్చిన అనుమతిని వెనక్కి తీసుకోనూవచ్చు. 2024 అక్టోబరు చివర్లో ఎపెక్స్ లెజెండ్స్ గేము సంస్థ చేసింది అదే. ఆ సంస్థ నేటివ్ పోర్టు ఇచ్చి ఉంటే మాత్రం దాన్ని ఆపేయదని హామీ ఏమిటి?