నలభై ఏడో రిఫరెన్స్

పీహెచ్‌డీ లోకంలో ఏ గెజిట్‌లోనూ అచ్చుకాని నియమం ఒకటుంది. వైవాకి, అంటే చివర జరిగే మౌఖిక పరీక్షకి, బయటినుంచి ఎగ్జామినర్‌గా రాబోయే ఎక్స్‌టర్నల్ పేరు థీసిస్ చివర రిఫరెన్సుల్లో కనీసం రెండుచోట్ల కనబడాలి. ఎగ్జామినర్ల ప్యానెల్ పంపేది గైడే కాబట్టి ఎవరొస్తారో ఆయనకి ముందే ఓ అంచనా ఉంటుంది. "ఫలానా సార్‌వి ఒకటి రెండు పెట్టు బాబూ, పెద్దాయన సంతోషిస్తారు" అంటారు. అందులో తప్పేమీ లేదు. ఆ పెద్దాయన నిజంగా ఏదన్నా రాసి ఉండాలి, దాన్ని మనవాడు చదివి ఉండాలి, అంతే.

మన స్కాలర్ పార్ట్‌టైం. ప్రైవేటు డిగ్రీ కాలేజీలో కామర్స్ లెక్చరర్. ఎండాకాలమంతా అడ్మిషన్ల కోసం ఊళ్ళు తిరగడం, తర్వాత ఇన్విజిలేషన్, తర్వాత పేపర్లు దిద్దడం. టాపిక్కు డ్వాక్రా సంఘాలు, మహిళా సాధికారత. యూజీసీ గడువు ఆరేళ్ళు. ఆరో ఏడు సగం దాటాక గైడ్ గారు పై మాట సెలవిచ్చారు. మనవాడు చాట్‌బాట్‌ని అడిగాడు: "ఫలానా ప్రొఫెసర్ స్వయం సహాయక సంఘాల మీద రాసిన పేపర్లు ఏపీఏ పద్ధతిలో ఇవ్వు." రిఫరెన్సులు ఎలా రాయాలో చెప్పే పద్ధతుల్లో ఏపీఏ ఒకటి.

ఇచ్చింది. వెబ్ సెర్చ్ ఆన్ చెయ్యకుండా ఇలా అడిగితే లేదనడం దానికి మహా కష్టం. సంవత్సరం 2014, పత్రిక పేరు నిజమైనదే, వాల్యూం 12, సంచిక 3, పేజీలు 45 నుంచి 58. పేజీ నెంబర్లతో సహా ఉంటే ఇంకెవడు అనుమానిస్తాడు? ఏపీఏ పద్ధతిలో నిజానికి రిఫరెన్సులకి వరస నెంబర్లుండవు. నెంబర్లు లేనిదే గైడ్ గారికి ఎన్ని ఉన్నాయో తృప్తి ఉండదు కాబట్టి వేయించారు. అలా అది 212లో నలభై ఏడోది అయింది.

ఆ తర్వాత థీసిస్ ఎన్ని చేతులు మారిందో చూడండి. "నా పర్యవేక్షణలో జరిగిన అసలైన పరిశోధన" అని గైడ్ సంతకం పెట్టారు. రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ టీ తాగి సంతకం పెట్టింది. లైబ్రరీ దాన్ని కాపీ పట్టే సాఫ్ట్‌వేర్‌లో వేసి, ఇతరుల రాతలతో ఎంత పోలిందో శాతం తీసింది. మనకి అన్నిటికీ శాతం కావాలి. యూజీసీ 2018 నిబంధనల్లో పోలిక 10 శాతం లోపుంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా అయితే ఆరు నెలల్లోపు దిద్ది ఇవ్వాలి, 40 నుంచి 60 అయితే ఏడాదిపాటు మళ్ళీ ఇవ్వకూడదు, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. రిఫరెన్సుల జాబితాని ఈ లెక్కలోంచి మినహాయిస్తారు. మినహాయించకపోయినా నలభై ఏడోదానికి వచ్చిన భయమేమీ లేదు. లోకంలోనే లేని పేపర్ దేనితో పోలుతుంది? అంత లావు థీసిస్‌లో నూటికి నూరుపాళ్ళు ఒరిజినల్ అనదగ్గది అదొక్కటే.

ఈమధ్య దీనికి తోడు, ఎంత భాగం యంత్రం రాసిందో చెప్పే ఏఐ శాతం అని ఇంకోటి దాపురించింది. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ వాళ్ళే ఇలా పసిగట్టే పరికరం ఒకటి 2023 జనవరిలో పెట్టి, గురి తప్పుతోందని ఆ జులైలోనే మూసేసుకున్నారు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అదే ఏడాది ఏడు డిటెక్టర్లని పరీక్షిస్తే, ఇంగ్లిష్ మాతృభాష కానివాళ్ళు సొంతంగా రాసిన టోఫెల్ వ్యాసాల్లో సగానికి పైగా యంత్రం రాసినవని తేల్చాయి. ఇవేవీ మన ఆఫీసులకి పట్టవు, సర్టిఫికెట్ మీద అంకె ఉండాలి. మనవాడు అమ్మానాన్నల్ని తలుచుకుని, కాస్త కన్నీళ్ళు కూడా పెట్టుకుని రాసుకున్న అక్నాలెడ్జ్‌మెంట్ ఏఐ రాసిందని వచ్చింది. చాట్‌బాట్ రాసిన రెండో అధ్యాయం మనిషి రాసిందని వచ్చింది. ఎలాగంటే, దాన్ని ముందే "మనిషి రాసినట్టు" మార్చిపెట్టే ఇంకో వెబ్‌సైట్‌లో తిప్పాడు. అది పర్యాయపదాలు వెతికి వెతికి మార్చడంతో, అధ్యాయం పొడుగునా డ్వాక్రా అక్కయ్యలు "సెల్ఫ్ అసిస్టెన్స్ గ్యాంగ్స్" అయిపోయారు. నయం. ఇలాంటి వికారాల్ని 2021లో పోగేసిన పరిశోధకులకి, "ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్" కాస్తా "కౌంటర్‌ఫిట్ కాన్షస్‌నెస్"గా మారి దర్జాగా అచ్చయిన పేపర్లు దొరికాయి.

వైవా ప్రాక్టీసు కూడా చాట్‌బాట్ దగ్గరే. యాభై ప్రశ్నలిచ్చింది, జవాబులిచ్చింది, చివర్లో వ్యక్తిత్వ వికాసం కూడా చెప్పింది: తడబడకండి, కళ్ళలోకి చూడండి, ప్రతి జవాబుకీ ముందు ప్రశ్న అడిగినందుకు కృతజ్ఞతలు చెప్పండి.

వైవా రోజు హాల్లో కుర్చీలు నింపడానికి ఎం.కాం. పిల్లల్ని తోలుకొచ్చారు. అత్తగారి వైపు వాళ్ళు రెండు వరసలు ఆక్రమించారు. వరండాలో శాలువా, బొకే, మైసూర్‌పాక్ డబ్బాలు సిద్ధం. రెండో ఎగ్జామినర్ ఆన్‌లైన్‌లో. స్లైడ్లు అయిపోయాయి.

ఎక్స్‌టర్నల్ గారు థీసిస్‌ని వెనకనుంచి తెరిచారు. తలపండినవాళ్ళంతా అలాగే తెరుస్తారు.

"అబ్బాయ్, ఈ నలభై ఏడు నాదేనా?"

"థాంక్యూ సార్, ఫర్ ది ఇన్‌సైట్‌ఫుల్ క్వశ్చన్. మీదే సార్."

"నా దగ్గర దీని కాపీ లేదు. నీ దగ్గరుందా?"

ఇక్కడ "లేదు సార్, పొరపాటు జరిగింది, తీసేస్తాను" అంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. నలుగురూ నాలుగు చివాట్లు పెట్టి, కరెక్షన్ల జాబితాలో ఓ లైను రాసి వదిలేసేవాళ్ళు. కానీ యాభై ప్రశ్నల్లో ఈ ప్రశ్న లేదు. తడబడొద్దన్న సలహా మాత్రం బుర్రలో ఉంది.

"ఇంట్లో ఉంది సార్."

"ఓహో. ఇంతకీ నేను ఏం చెప్పాను అందులో?"

దీనికి జవాబు ఉంది. రెండో అధ్యాయంలో ఆ పేపర్ మీద ఒక పేరా ఉంది, అదీ చాట్‌బాటే రాసింది. మనవాడు గడగడా అప్పజెప్పాడు. "అనంతపురం జిల్లాలో 250 మంది సభ్యుల్ని సర్వే చేశారు సార్. కై-స్క్వేర్ పరీక్ష చేశారు. అప్పు తీసుకున్న మహిళలకి ఇంట్లో మాట చెల్లుబాటు పెరిగిందని తేల్చారు."

"నేను అనంతపురం రైల్లో దాటడమే గానీ ఎప్పుడూ దిగలేదయ్యా."

"మీ స్టూడెంట్స్ డేటా కలెక్ట్ చేసి ఉంటారు సార్."

ఎం.కాం. పిల్లలు ఫోన్లు పక్కన పెట్టారు. గైడ్ గారు ఫ్యాన్ రెక్కలు లెక్కపెడుతున్నారు. తన పేపర్ గురించి తనకే వివరిస్తున్న కుర్రాణ్ణి పెద్దాయన కాసేపు అలా చూశారు. చిత్రమేమిటంటే ఆయనకి కోపం రాలేదు. 250 మంది, కై-స్క్వేర్, ఫలితం కూడా సబబుగానే ఉంది. మరో క్షణం ఆగితే ఆ పేపర్‌ని సొంతం చేసుకునేవారేమో. కానీ కళ్ళజోడు సర్దుకుని లైను మళ్ళీ మొదట్నించి చదివారు. తన పేరు తర్వాత ఒక కామా, ఆ తర్వాత ఇంకో పేరు.

"వీడితో కలిసి రాశానా నేను?"

ఆ ఇంకో పేరు వాళ్ళ డిపార్ట్‌మెంట్‌లోనే పక్క గదాయనది. హెడ్‌షిప్ దగ్గర తేడా వచ్చినప్పట్నించీ ఇద్దరికీ మాటల్లేవని రాష్ట్రంలో కామర్స్ చదువుకున్న ప్రతివాడికీ తెలుసు, ఒక్క చాట్‌బాట్‌కి తప్ప. దాని దగ్గర పేపర్ల బీరువా ఏదీ ఉండదు మరి. ఒక మాట పక్కన ఏ మాట పడితే నప్పుతుందో చూసి పేర్చుకుంటూ పోతుంది. ఒకే సబ్జెక్టు, ఒకే యూనివర్సిటీ, ఒకే సెమినార్ సావనీర్లో రెండు పేర్లూ కనబడితే దాని లెక్కలో వాళ్ళు జంటకవులే. ఎవరు ఎవరి ఇంట్లో పెళ్ళికి వెళ్ళలేదో సావనీర్లో వెయ్యరు కదా.

రాయని పేపర్‌ని క్షమించగలిగిన మనిషి కో-ఆథర్‌ని క్షమించలేకపోయారు. "ఈ పత్రిక మొదలైంది 2011లో. ఏడాదికో వాల్యూం. 2014కి నాలుగు రావాలి, పన్నెండెలా వచ్చింది?" అన్నారు. ఈ లెక్క అందరూ నేర్చుకోదగ్గది: ప్రచురణ సంవత్సరంలోంచి పత్రిక పుట్టిన సంవత్సరం తీసేసి ఒకటి కలపాలి. ఏడాదికి ఒకే వాల్యూం వేసే పత్రికల్లో దొంగ రిఫరెన్సులు కొన్ని ఇక్కడే దొరికిపోతాయి.

ఇంక ఆయన లాప్‌టాప్ తెరిచారు. తోచిన రిఫరెన్సుల డీఓఐలు, అదే ఒక్కో పేపర్‌కి ఇచ్చే, 10తో మొదలయ్యే ఆ పొడుగాటి నెంబర్లు, ఒక్కొక్కటే కొట్టిచూశారు. కొన్ని సరిగ్గా తెరుచుకున్నాయి. ఒకటి అసలు లేదంది. గ్రామీణ మహిళల పొదుపు గురించినది కొడితే రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ మీద పేపర్ వచ్చింది. ఇదే అసలు తంటా. నెంబర్ పనిచేసినంత మాత్రాన సరిపోదు, తెరిచి శీర్షిక, రచయితలు కలుస్తున్నారో లేదో చూడాలి. పీడీఎఫ్ చేతికి వచ్చాకే రిఫరెన్సులు భద్రపరిచే జొటేరోలోనో మెండలీలోనో వేసుకుని, అందులోంచే థీసిస్‌లోకి ఎక్కించుకున్నవాళ్ళకి ఈ బాధ ఉండదు. చాట్‌బాట్‌ని వాడుకోవాలన్నా ఆ పీడీఎఫ్ ఇచ్చి "ఇందులో ఉన్నదే చెప్పు, పేజీ నెంబరుతో చెప్పు" అనాలి, ఆ పేజీ మళ్ళీ మనం చూసుకోవాలి. ఆరేళ్ళలో ఈ ముక్క ఏ కోర్స్‌వర్క్‌లోనూ ఎవరూ చెప్పినట్టు లేదు. స్లైడ్లలో యూనివర్సిటీ లోగో ఏ మూల ఉండాలో మాత్రం సర్క్యులర్ వచ్చింది.

"శాంపిల్ 384 ఎందుకు తీసుకున్నావ్?"

ఇది మనవాడికి నిజంగా తెలుసు. ఎంత జనాభాకి ఎంతమందిని సర్వే చేస్తే చాలో క్రెజ్సీ, మోర్గాన్ 1970లో ఇచ్చిన పట్టిక. జనాభా పది లక్షలైతే 384. కై-స్క్వేర్ విలువ 3.841ని 0.25తో హెచ్చవేసి, ఐదు శాతం దోషం వర్గమైన 0.0025తో భాగిస్తే వచ్చేది అంతే. మన దేశంలో కామర్స్, మేనేజ్‌మెంట్ థీసిస్‌లు ఎన్ని తిరగేసినా ఈ 384 మందే తగులుతుంటారు. మనవాడు చక్కగా చెప్పాడు. కానీ ఈపాటికి హాల్లో నమ్మే నాథుడు లేడు.

"ఈ క్రెజ్సీ ఉన్నాడా? వీణ్ణీ అదే కనిపెట్టిందా?"

"ఉన్నారు సార్! ఒట్టు సార్!"

ఆ పట్టిక అచ్చయింది ఎడ్యుకేషనల్ అండ్ సైకలాజికల్ మెజర్‌మెంట్, వాల్యూం 30, పేజీలు 607 నుంచి 610. పత్రిక మొదలైంది 1941లో. పెద్దాయన వేళ్ళమీద లెక్కేశారు. ముప్పై వచ్చింది. కాస్త నిరుత్సాహపడ్డట్టు కనిపించారు.

ఆన్‌లైన్ ఆయన అప్పుడు గొంతు విప్పారు. "చరిత్రంతా బంగ్లాదేశ్, జోబ్రా గ్రామం, 1976, అక్కడ పేదలకి చిన్న అప్పులు మొదలుపెట్టిన యూనస్ గారే ఉన్నారు. నెల్లూరు జిల్లా దూబగుంట ఏదమ్మా? సారా ఉద్యమం, పొదుపు లక్ష్మి సంఘాలు?" మనవాడికి అవన్నీ తెలుసు. వాళ్ళమ్మే ఒక సంఘంలో సెకండ్ లీడరు, మినిట్స్ పుస్తకం ఇంట్లో టీవీ పక్కనే ఉంటుంది. చాట్‌బాట్ రాయలేదు కాబట్టి థీసిస్‌లోకి రాలేదు. చెప్పబోయేసరికి ఆన్‌లైన్ ఆయన నెట్ పోయింది.

తలుపులు మూసుకుని చర్చించారు. బయట మైసూర్‌పాక్ డబ్బాలు అప్పటికే ఒకటి రెండు విప్పారు. చివరికి కరెక్షన్ల షరతుతో డిగ్రీకి సిఫార్సు చేశారు, శాలువా కప్పారు, ఫోటో దిగారు. షరతు ఒక్కటే: 212 రిఫరెన్సులూ విడివిడిగా సరిచూసి, గైడ్ సంతకంతో నెల్లోగా ఇవ్వాలి.

కారెక్కుతూ గైడ్ గారు మనవాడి భుజం మీద చెయ్యి వేశారు. "212 అంటే నువ్వెక్కడ చూస్తావ్ బాబూ, అడ్మిషన్ల టైం కూడానూ. ఆ చాట్‌బాట్‌కే ఇచ్చెయ్, నిమిషంలో చెక్ చేసి పెడుతుంది. నేను సంతకం పెట్టేస్తా."