బోనులో భోగం

విమానయానంలో ఒక ఘోరమైన వివక్ష నడుస్తోంది. ఎవరూ నోరు మెదపరు. అవతలి పక్షం తోక ఊపుతుంది కదా, ఎవరికి మాత్రం మనసొప్పుతుంది?

జంతువుల్ని విమానంలో ఎలా తీసుకెళ్లాలో అయాటా అనే అంతర్జాతీయ విమాన రవాణా సంఘం ఓ నిబంధనావళి రాసిపెట్టింది. ఏటా కొత్త కూర్పు వేస్తుంది కూడా. దాని ప్రకారం బోనులోని కుక్క తల తగలకుండా నిలబడగలగాలి, నిటారుగా కూర్చోగలగాలి, హాయిగా పడుకోగలగాలి, ఇటు నుంచి అటు తిరగగలగాలి. ఎకానమీ తరగతి మానవుడికి ఈ నాలుగింట్లో దక్కింది ఒక్కటి, కూర్చోవడం. అదీ ముందు సీటాయన వెనక్కి వాలనంతసేపే.

ఆ కొలతల వైభోగం చూడండి. ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకి, నేల నుంచి మోచేతి దాకా ఉన్న ఎత్తులో సగం కలిపితే బోను పొడవు. భుజాల వెడల్పుకి రెట్టింపు దాని వెడల్పు. ఎత్తు తల దాకానా, చెవుల కొస దాకానా అంటే, ఏది పైనుంటే అందాకా. కింద పరిచే పక్క మందం అదనం. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడిముక్కు జాతులకి ఊపిరి కష్టం కనుక బోను మరో 10 శాతం పెద్దది కావాలి. నా భుజాలు కొలిచి సీటిచ్చిన విమానసంస్థ ఇంతవరకూ తారసపడలేదు. నా ముక్కు మీద ఎవరికీ జాలి లేదు.

గాలి ఆడాలట. తలుపు తీయకుండానే బయటి నుంచి గిన్నెలో నీళ్లు పోసే వీలుండాలట. ఏ వైపు పైకుండాలో బోను మీద బాణం గుర్తులు కూడా ఉండాలట!

అయితే మరీ నిరాశ పడనక్కర్లేదు. ఈ అన్యాయాన్ని చక్కదిద్దే మహానుభావులు ఉన్నారు. వాళ్లే యజమానులు.

యజమాని కుక్కని కొలవడు, కంటితో చూసి బోను కొంటాడు. "సర్దుకుంటుందిలే" అంటాడు. కొన్ని వారాల ముందే బోను తలుపు తీసి ఇంట్లో పెట్టి, తిండి అందులోనే పెడుతూ, నిద్ర అందులోనే అలవాటు చేస్తే అది కుక్కకి సొంత గదవుతుంది. కానీ అప్పుడు థ్రిల్ ఏముంది? అందుకని మనవాడు ప్రయాణం రోజు పొద్దున్నే బోనును పరిచయం చేస్తాడు, వెనక నుంచి నెట్టి.

ఇక మత్తు మందు. పశువైద్యులు వద్దు మొర్రో అంటారు. రక్తపోటు పడిపోవచ్చు, ఊపిరి మందగించవచ్చు, కుదుపులకి కాళ్లు నిలదొక్కుకోలేకపోవచ్చు, సరుకు గదిలో చూసే నాథుడుండడు. మత్తులో ఉన్న జంతువుని చాలా సంస్థలు ఎక్కించుకోవు కూడా. అయినా యజమాని ఇంటర్నెట్‌లో చదివాడు. కుక్క ప్రశాంతంగా ఉండాలని మాత్ర వేస్తాడు. నిజానికి అది తను మింగాల్సిన మాత్ర.

కొన్ని గంటల ముందు తేలికపాటి తిండి చాలు. కానీ "పాపం, ఆకలేస్తుందేమో" అని బయల్దేరే ముందు గిన్నె నిండా పెట్టి, తడి పీల్చే గుడ్డకి బదులు పట్టు దిండు పరుస్తాడు. ఆ రెండూ కలిశాక జరిగేది ఊహించుకోండి. నీళ్లు గిన్నెలో గడ్డకట్టించి పెడితే ఎక్కించేటప్పుడు ఒలకవు, మెల్లగా కరుగుతాయి. మనవాడు అంచుదాకా పోస్తాడు. బోను పైభాగాన్నీ కిందిభాగాన్నీ ఇనుప నట్లు, బోల్టులతో బిగించమంటే ప్లాస్టిక్ క్లిప్పులు చాలంటాడు. చక్రాలు ఊడదీయమంటే దొర్లించడానికి బాగుంటాయంటాడు. చివర్లో కౌంటర్ ముందు బోనుని కౌగిలించుకుని భోరుమంటాడు. అప్పటిదాకా నిశ్చింతగా ఉన్న కుక్కకి, ఏదో జరగబోతోందని అప్పుడే తెలుస్తుంది.

ఇలా మానవుడి అవస్థే జంతువుకీ దక్కి, సమానత్వం సిద్ధించే వేళకి ఒక ఉద్యోగి అడ్డుపడతాడు. టేపు పెట్టి కొలిచి, "బోను చిన్నది, ఎక్కించం" అంటాడు. విమానసంస్థలకి నా విన్నపం ఒక్కటే: ఇలాంటివాళ్లని తక్షణం దూరప్రాంతానికి బదిలీ చేయాలి. పంపేటప్పుడు మధ్య సీటే ఇవ్వాలి.